నూనె మిల్లులో నడక

ప్రొద్దుటూరులో నాకు కుట్టు షాపు ఉంది. జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు, స్కూలు యూనిఫారాలు కుడతాం. కటింగు మా ఆయనది. మిషన్ల మీద నేనూ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ కూర్చుంటాం. పొద్దున షట్టరు తీస్తే మళ్ళీ వంటవేళ దాకా తల ఎత్తే తీరిక ఉండదు. ఇలాంటి దాన్ని ఊరి సేవా క్లబ్బులోకి ఎలా వెళ్ళానని మా బంధువులు ఇప్పటికీ అడుగుతుంటారు. అడిగినప్పుడల్లా చెప్పడం నాకు ఇష్టమే.

ఎండాకాలంలో బస్టాండు దగ్గర ఆ క్లబ్బు వాళ్ళు పెట్టే చలివేంద్రంలో నేనూ మజ్జిగ తాగినదాన్నే. రక్తం ఇచ్చే శిబిరాలు పెడతారనీ, పిల్లలకు పుస్తకాలు పంచుతారనీ తెలుసు. అంతకు మించి తెలియదు. బంగారు అంగళ్ళ వాళ్ళు, డాక్టర్లు, ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో ఆఫీసర్లు సాయంత్రం పూట కూర్చుని మాట్లాడుకునే చోటని అనుకునేదాన్ని.

ఒక రోజు ఆ క్లబ్బు ప్రెసిడెంటు మా షాపుకు వచ్చాడు. బంగారు అంగడి ఆయన. వయసులో పెద్దవాడు, మాట నెమ్మది.

"చెల్లెమ్మా, మా వాళ్ళకు పసుపురంగు కోట్లు కావల్ల. చేతుల్లేనివి. క్యాంపులో పనిచేసేవాళ్ళను జనం గుర్తుపట్టల్ల గదా" అన్నాడు.

"ఏం క్యాంపు సార్?"

"కాళ్ళు పోయినోళ్ళకు కాళ్ళు పెట్టిస్తాండాము. కల్యాణ మంటపం మాట్లాడినాము. ఉత్తరాది నుంచి మేస్త్రీలు వచ్చాండారు."

నేను టేపు మెడలో వేసుకుని కొలతలు రాసుకుంటూనే అడిగాను. "కాలు తొడిగితే లోపల చర్మం ఒరుసుకోదా సార్? మధ్యలో బట్టేమన్నా వేస్తారా?"

ఆయన, "నాకు తెలీదమ్మా. వచ్చి నువ్వే చూడు" అన్నాడు. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, "చూసేదేంది, క్లబ్బులోనే చేరు. మాలో కుట్టుపని తెలిసినోళ్ళు ఒక్కరూ ల్యారు" అన్నాడు.

సాయంత్రం మా ఆయనతో చెప్తే నవ్వుతాడనుకున్నాను. ఆయన కత్తెర పక్కన పెట్టి, "పో. మిషను యాడికీ పోదు, ఈణ్ణే ఉంటాది" అన్నాడు.

అలా చేరాను. క్యాంపు రోజు కల్యాణ మంటపం గుర్తుపట్టలేనట్టు మారిపోయింది. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు కూర్చునే వేదిక మీద ప్లాస్టిక్కు గొట్టాలను మెత్తబరిచే పెద్ద పొయ్యి పెట్టారు. భోజనాల హాల్లో కాళ్ళకు సుద్దతో అచ్చులు తీస్తున్నారు. మేస్త్రీలకు హిందీ తప్ప రాదు. మా క్లబ్బులో బిర్యానీ హోటలు నడిపే సాయిబు ఒకాయన ఉన్నాడు. వాళ్ళు చెప్పింది మాకూ, మేము చెప్పింది వాళ్ళకూ ఆయనే అందించాడు. పొద్దున వేసుకున్న పసుపు కోటు మధ్యాహ్నానికి సుద్దతో తెల్లకోటయింది.

జమ్మలమడుగు నుంచి, ఎర్రగుంట్ల నుంచి, పల్లెల నుంచి జనం వచ్చారు. లారీ ప్రమాదాల్లో కాళ్ళు పోయినవాళ్ళు, సుగరు జబ్బుతో తీసేయించుకున్నవాళ్ళు. వాళ్ళలో ఒకామె ఆటో దిగేటప్పుడే నా కంట పడింది. మొగుడు ఆమెను చేతుల మీద ఎత్తి దించుతున్నాడు. ఆమె అతని చెవిలో చెబుతున్నానని అనుకుంటూ అందరికీ వినబడేట్టు చెబుతోంది.

"బరువుండానని అందరి ముందర మూలగాకు. ఇంటికి పోయినాక మూలుగుదువులే."

నాకు నవ్వొచ్చింది. వెళ్ళి కుర్చీ వేశాను. నాకంటే కొన్నేళ్ళు చిన్నదే. కూర్చున్న వెంటనే తన కథ చెప్పేసింది. వాళ్ళది కొండాపురం మండలంలో గండికోట రిజర్వాయరు నీళ్ళలో మునిగిపోయిన ఊరు. పునరావాస కాలనీలో స్థలమిస్తే ఇల్లు కట్టుకుంటున్నారు. ఆ పనిలో కాల్లో మేకు దిగింది. ఆమెకు సుగరుందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. పుండు మానలేదు. చివరికి మోకాలి కింద దాకా తీసేయాల్సి వచ్చింది.

"సేద్యం జేసిన దాన్నక్కా. చెనిక్కాయ చేన్లో నాతో సమంగా కలుపు దీసేటోళ్ళు మా ఊర్లో ఎవురూ ల్యాకుండ్రి. ఇప్పుడు గడప దాటల్లన్నా ఈయప్ప రావల్ల" అంది.

మరుసటి రోజు కాలు తయారైంది. రెండు ఇనుప కమ్మీల మధ్య నిలబెట్టి, నడవమన్నారు. ఆమె కమ్మీలు గట్టిగా పట్టుకుని నాలుగడుగులు వేసింది. మొగుడు అవతలి చివర నిలబడి చూస్తున్నాడు. అతని దగ్గరికి చేరేసరికి ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళు. హాలంతా చప్పట్లు కొట్టింది. మా క్లబ్బులో ఫోటోల పిచ్చి ఉన్న ఒకాయన ఉన్నాడు, ఎరువుల అంగడి ఆయన. ఆమెను అటు తిప్పి, ఇటు తిప్పి, ప్రెసిడెంటును పక్కన నిలబెట్టి ఎన్నో ఫోటోలు తీశాడు. మర్నాడు పేపర్లో వచ్చింది. ఆ పేపరు ముక్కను మా షాపు అద్దానికి నేనే అంటించాను.

కొన్ని నెలలు గడిచాక కొండాపురం దగ్గర ఒక ఊళ్ళో మా మరిది కొడుకు నిశ్చితార్థం జరిగింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె గుర్తొచ్చి, మా ఆయన్ని బండి కాలనీ వైపు తిప్పమన్నాను. చక్కగా నడుస్తున్న మనిషిని చూసి రావాలని ఆశ.

ఆమె ఇంటి ముందు బండ మీద కూర్చుని వేరుశనగ కాయలు ఒలుస్తోంది. చీర కుచ్చిళ్ళ కింద ఒక పాదమే కనబడింది. నన్ను చూసి సంబరపడిపోయింది గానీ లేవలేదు. లోపలికి తొంగి చూస్తే తలుపు వెనకాల మేకుకు, పాత చీరలో చుట్టి, మేమిచ్చిన కాలు వేలాడుతోంది.

"తొడుక్కోలేదేమ్మా?" అన్నాను.

"కూచ్చో అక్కా, కాఫీ తాగుదువు" అని మాట మార్చింది.

మొగుడు ఆగలేకపోయాడు. "ఒరుసుకుని బొబ్బలొచ్చినాయక్కా. మొదట బిగుతుగుండె, పోను పోను లూజయిపాయ. సుగరు మనిషికి పుండయితే ఏమయితాదో మాకు తెలీనిదా? నేనే తీసి తగిలిచ్చినా."

"మరి మాకు చెప్పొచ్చు కదా?"

ఆమె చెనిక్కాయలు చేటలోకి విదిలించి నా వైపు చూసింది. "పుణ్యానికిచ్చినోళ్ళ దగ్గరికొచ్చి బాగలేదని యెట్ల జెప్పేది? మీరందరూ శానా సంతోషంగా ఫోటోలు దీసుకొని పోతిరి. ఆ సంతోషం నేనెందుకు చెడగొట్టల్ల?"

కోపంగా అనలేదు. మమ్మల్ని నొప్పించకూడదనే అంది. 

ఆ వారం క్లబ్బు మీటింగులో లేచి నిలబడి ఈ సంగతి చెప్పాను. అప్పటిదాకా నేను మీటింగుల్లో నోరు తెరిచింది లేదు.  

"పేపర్లో కూడా వచ్చె గదమ్మా" అన్నాడు ఫోటోలాయన, నమ్మలేనట్టు.

మా సభ్యుల్లో ఎముకల డాక్టరు ఉన్నాడు. ఆయన అన్నాడు: "కాలు చెడిపోలేదు. ఆపరేషనైన కాలు కొన్ని నెలలకు సన్నబడుతుంది. అప్పుడు లోపల వేసే బట్ట తొడుగు మందం పెంచాలి, కాలు దూర్చే గిన్నె సర్దాలి, రోజూ నడక నేర్పాలి. కాలిచ్చి పంపించేసి మనం ఆ సంగతి మర్చిపోయాం."

ఎవరైనా వచ్చే ఏడాది చూద్దామంటారని భయపడ్డాను. ప్రెసిడెంటు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అంటే మనం సగం పనే చేసినాము. మిగతా సగం చేద్దాం. కాలిచ్చిన ప్రతి ఇంటికీ పోవల్ల. బ్యానర్లొద్దు, దండలొద్దు" అన్నాడు.

ఆ రోజు ఆ గదిలో ఒక్కరు కూడా కాదనలేదు. నాకు క్లబ్బంటే గౌరవం కలిగింది క్యాంపు రోజున కాదు, ఆ సాయంత్రమే.

ఆ తర్వాత ఆదివారాలు తిరిగాం. బిర్యానీ హోటలాయన కారు తీశాడు. డాక్టరు, నేను, ఇంకా ఎవరు వీలైతే వాళ్ళు. ఎర్రగుంట్లలో ఒక లారీ క్లీనరు కాలు తొడుక్కుని టైర్లు విప్పుతూ కనిపించాడు. అతన్ని చూస్తే ప్రాణం లేచొచ్చింది. జమ్మలమడుగులో రిటైరయిన మిషన్ స్కూలు పంతులమ్మ ఒకామె చర్చికి మాత్రం తొడుక్కుని వెళ్ళి, ఇంటికి రాగానే విప్పేస్తోంది. నొప్పిని పళ్ళ బిగువున ఓర్చుకుని ఆరాధనంతా కూర్చునేదట. కొందరివి మంచం కింద ఉన్నాయి. ఒకరిది ధాన్యం గాదె మీద ఉంది.

వాళ్ళందరికీ నడక నేర్పే చోటు కావాలి. మా సభ్యుడొకాయనకు వాళ్ళ నాయన కట్టించిన నూనె మిల్లు ఉంది. చాలా కాలంగా మూతపడి ఉంది. "షెడ్డు వాడుకోండి" అని తాళాలిచ్చాడు. మేమే చీపుర్లు పట్టుకుని ఊడ్చాం. ఎంత కడిగినా, నూనె తీయగా మిగిలే చెనిక్కాయ చెక్క వాసన పోలేదు, ఇప్పటికీ పోలేదు. వెల్డింగ్ షాపు వాళ్ళు కమ్మీలు చేసి బిగించారు. ప్రైవేటు ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసే ఒకమ్మాయి ఆదివారాలు వస్తానంది.

నా పని తొడుగులు. మొదట కుట్టినవి పనికిరాలేదు. కుట్టు లోపలికుంటే ఆ గీత చర్మానికి గుచ్చుకుంటుంది. నా మోకాలికే తొడుక్కుని, గట్టిగా కట్టుకుని, పనంతా చేసుకుంటే తెలిసింది. బనియన్ గుడ్డ తీసుకుని, కుట్టు బయటికి వచ్చేలా తిప్పి, చివర గుండ్రంగా మూశాను. పెళ్ళిళ్ళ సీజనులో జాకెట్ల పని నెత్తి మీదున్నా, మా షాపులో ఇద్దరు ఆడవాళ్ళూ ఇవి కుట్టందే ఇంటికి వెళ్ళేవారు కాదు. కూలి ఇస్తానంటే కోప్పడ్డారు.

అన్నీ సిద్ధమయ్యాక కొండాపురం ఆమెను పిలవడానికి వెళ్ళాను.

"మళ్ళా ఫోటోలకా?" అంది.

"కాదు, నడక నేర్పడానికి."

"నేను కింద పడ్తా. పడేది గూడ ఫోటో దీస్తాడేమో ఆయప్ప."

ఆ మాట అలాగే మీటింగులో చెప్పాను. అందరూ ఫోటోలాయన వైపు చూశారు. ఆయన ముఖం చిన్నబోతుందనుకున్నాను. "ఆ షెడ్డులో ఫోన్లు జేబులోంచి తీయగూడదని రూలు పెట్టండి. మొదట నాకే పెట్టండి" అన్నాడు ఆయన. ఆ రూలు నేటికీ ఉంది. ఎంత పెద్ద అతిథి వచ్చినా ఆ షెడ్డులో ఫోటో తీయరు. తర్వాత ఆయనే ఆదివారాలు దూరం నుంచి వచ్చేవాళ్ళకు టిఫిను తెచ్చే పని తలకెత్తుకున్నాడు.

ఆమె వచ్చింది. డాక్టరు బొబ్బలు పూర్తిగా మానాయని చూశాక, కొత్త తొడుగు వేసి, కాలు బిగించాం.

"మెత్తగుండాదక్కా" అంది, కాలు అటూ ఇటూ కదిపి.

ఆమె అన్న మాటకు నాకు కలిగిన గర్వం ఎంత పెద్ద ఇంటి పెళ్ళికూతురి జాకెట్టు కుట్టినప్పుడూ కలగలేదు.

కానీ నడక అంత తేలిగ్గా రాలేదు. కమ్మీలు పట్టుకుంటే బాగా నడిచేది, వదిలితే ఒరిగిపోయేది. పడేది. పడ్డప్పుడల్లా తిట్టేది. కాలును తిట్టేది, నన్ను తిట్టేది, అంతదూరం నుంచి పిలిపించిన ప్రెసిడెంటునూ తిట్టేది. ఆయన ఒకసారి పక్కనే ఉండి విన్నాడు. "తిట్టనీలే, తిట్టేకి ఓపికుండాది. నడుస్తాది" అన్నాడు. ఫిజియోథెరపీ అమ్మాయి విసుగు లేకుండా మళ్ళీ లేపేది. "నేల చూడొద్దక్కా, ఎదురుగా చూడు" అని వందసార్లు చెప్పి ఉంటుంది.

"నీకేం కావాలమ్మా? ఏం చేయగలిగితే చాలనిపిస్తుంది?" అని ఆ అమ్మాయి ఒకరోజు అడిగింది.

"బస్సెక్కల్ల. ఎవురూ ఎత్తకుండా" అంది ఆమె వెంటనే.

వెల్డింగ్ షాపు వాళ్ళు బస్టాండుకు వెళ్ళి, ఆగి ఉన్న పల్లెవెలుగు బస్సు మెట్ల ఎత్తు కొలుచుకుని వచ్చి, అచ్చు అలాంటివే ఇనుప మెట్లు చేసి పెట్టారు. పక్కన పట్టుకునే కమ్మీ కూడా బస్సుకున్నట్టే. ఆ మెట్ల మీద ఆమె ఎన్ని ఆదివారాలు ఎక్కి దిగిందో. బాగున్న కాలు ముందు పెట్టి ఎక్కడం, కొత్త కాలు ముందు పెట్టి దిగడం. ఇంటి దగ్గర మొగుడు గడప మీద చేయించేవాడు.

ఒక ఆదివారం సాధన అయ్యాక, "ఈ పొద్దు ఆటో వద్దు. బస్సుకే పోతా" అంది. ఫిజియోథెరపీ అమ్మాయి, నేను, ప్రెసిడెంటు, టిఫిన్లు తెచ్చే ఫోటోలాయన, అందరం బస్టాండుకు వెళ్ళాం. కొండాపురం మీదుగా పోయే తాడిపత్రి బస్సు వచ్చింది. జనం తోసుకుంటున్నారు. ఆమె అందరినీ ఎక్కనిచ్చి మెట్టు దగ్గరికి వచ్చింది. మొగుడు అలవాటు కొద్దీ చేతులు చాచాడు. అతన్ని కళ్ళతోనే ఆపింది. పై మెట్టు మీద నుంచి కండక్టరు చెయ్యి అందించాడు.

"వద్దప్పా. నేనే ఎక్కుతా."

"తొందరగా కానీమ్మా" అన్నాడు కండక్టరు. అంతలో చీర అంచు కింద ఆ కాలు చూశాడు. వెంటనే డ్రైవరు వైపు తిరిగి, "ఉండన్నా, ఉండు!" అని అరిచాడు. బస్సంతా మెడలు చాచి చూసింది.

కమ్మీ పట్టుకుంది. మంచి కాలు పైకి. ఒక్క క్షణం ఊగింది.  తర్వాత కొత్త కాలు పైకి. మళ్ళీ మెట్టు. లోపలికి వెళ్ళిపోయింది. కిటికీలోంచి తల బయటికి పెట్టి మొగుణ్ణి కేకేసింది. "ఏంది ఆణ్ణే నిలబడినావు? ఎక్కు, బస్సు పోతాది!"

బస్సు కదిలింది. మేము నలుగురం అక్కడే నిలబడిపోయాం. టిఫిన్లాయన చెయ్యి జేబు దాకా వెళ్ళి, ఖాళీగానే తిరిగొచ్చింది. షెడ్డు బయట ఫోటో తీయొచ్చని ఎవరూ ఆయనకు గుర్తుచేయలేదు.

తర్వాతి క్యాంపు పులివెందులలో పెట్టాం. ఈసారి తొడుగులు ముందే కుట్టి మూటలు కట్టాను. కాలు తీసుకున్న ప్రతి ఒక్కరూ ఏ ఆదివారం నడకకు రావాలో అక్కడే చెప్పి పంపాలని నిర్ణయించాం. కొండాపురం ఆమె కూడా పనిచేస్తానని వచ్చింది. ఆమె కొలతకు పసుపు కోటు ఒకటి కుట్టి ఉంచాను.

మధ్యాహ్నం గేటు బయట ఒక ఆటో చాలాసేపటి నుంచి ఆగి ఉంది. లోపల సింహాద్రిపురం వైపు నుంచి వచ్చిన రైతు ఒకాయన. ట్రాక్టరు బోల్తాపడి కాలు పోయింది. ఆసుపత్రికని చెప్పి భార్య తీసుకొచ్చింది. ఇక్కడికని తెలిసి దిగనంటున్నాడు. అంత ఎండలో కాళ్ళ మీద దుప్పటి కప్పుకుని ఉన్నాడు. ప్రెసిడెంటు వెళ్ళి మాట్లాడాడు, డాక్టరు మాట్లాడాడు. ఆయన ముఖం అటు తిప్పుకున్నాడు.

కొండాపురం ఆమె ఆటో దగ్గరికి వెళ్ళింది. నేను వెనకే ఉన్నాను.

"ఏమప్పా, ఇంత ఎండలో దుప్పటి కప్పుకుండావు? చలి జరమా?"

"నన్ను ఇడిసిపెట్టు మా. ఇంత మంది ముందర ఒంటికాలితో ఎగురుకుంటా పోవల్లనా?"

ఆమె చీర అంచు కాస్త పైకెత్తి, వంగి, వేలి కణుపుతో తన కాలి మీద తట్టింది. టక్కుటక్కుమంది. "ఈ సద్దు విన్యావా?"

ఆయన తిరిగి చూశాడు.  "నీదీనా?"

"నాదే. పొద్దున కొండాపురంలో బస్సెక్కినా, ముద్దనూర్లో మారినా, ఈడ దిగినా. ఎవురూ ఎత్తల్యా."

"నొప్పుండదా?"

"ఎందుకుండదు? మొదట్లో ఉంటాది. కింద పడ్తావు. వీళ్ళనందర్నీ తిట్టుకుంటావు. నేను తిట్టని తిట్టు ల్యా. అద్దో, ఆ పెద్దాయన్నడుగు, చెప్తాడు."

ఆయన భార్య నవ్వింది. ఆయన పెదవి కూడా కదిలింది. దుప్పటి పక్కకు తీశాడు. మా వాళ్ళిద్దరు పరిగెత్తబోతే ఆమె ఆపింది. "నా భుజం పట్టుకో అప్పా. పడనీను."

ఆయన దిగి, ఆమె భుజం మీద చెయ్యి వేసి, బరువంతా మోపి నిలబడ్డాడు. పెద్ద శరీరం ఆయనది. ఆమె కదల్లేదు. ఇద్దరూ గేటు నుంచి హాలు దాకా మెల్లగా నడిచారు. ఇంకో మనిషి బరువును కూడా ఆ కాలు మోస్తుంటే, తలుపు వెనకాల మేకుకు వేలాడింది ఇదేనా అనిపించింది. కన్నీళ్ళు తుడుచుకోవడానికి నేను మూటలున్న గదిలోకి వెళ్ళాను. అక్కడ అప్పటికే ప్రెసిడెంటు ఉన్నాడు, అదే పని మీద.

ఆమె ఇప్పుడు మా క్లబ్బు సభ్యురాలు. కొత్తగా చేరినవాళ్ళు లేచి ఏం పని చేస్తారో చెప్పడం మా ఆనవాయితీ. ఆమె లేచి, "సేద్యం జేచ్చాంటి. ఇప్పుడు నడక నేర్పిచ్చాండా" అని కూర్చుంది. ఉపన్యాసాలకు అలవాటుపడ్డ మా మీటింగులో అంత గట్టి చప్పట్లు నేను అంతకు ముందు వినలేదు.

సింహాద్రిపురం రైతు నూనె మిల్లుకు చాలా ఆదివారాలు వచ్చాడు. ఆయన గర్వం ఆయనది, పడితే లేపనిచ్చేవాడు కాదు. కొన్నాళ్ళకు రావడం మానేశాడు. ఈయన కూడా కాలును మేకుకు తగిలించాడేమో, వెళ్ళి చూడాలని మేమంతా అనుకుంటుండగా, మొన్న ఒక ఆదివారం షెడ్డు తలుపు దగ్గర బస్తాతో నిలబడి ఉన్నాడు. తోటలో చీనీకాయలు, అదే బత్తాయిలు, కోతకొచ్చాయట. చెట్ల మధ్య పాదుల గట్లు దాటుకుంటూ తన చేత్తో కోసినవని చెప్పాడు.

"పని పడి రాలేకపోయినా. నడక మాననీల్యా" అన్నాడు, కొండాపురం ఆమె వైపు చూస్తూ, పాఠం అప్పజెప్పుతున్నట్టు.

ప్రెసిడెంటు గొంతు సవరించుకున్నాడు. ఏదో నాలుగు మాటలు చెప్పాలని ఆయనకు ఉంది.

"ముందు కాయలు పంచు సార్, పొద్దున్నుంచి నడుస్తాండారు అందరూ" అంది ఆమె.

అందరం కమ్మీల కింద నేల మీద కూర్చుని చీనీకాయలు ఒలుచుకుని తిన్నాం.